సంజీవని, సత్యం, సమ్మతి: హృదయ మూలకణ చికిత్స ముందున్న నైతిక ప్రశ్న

ప్రవేశిక

గుండెపోటు నుండి ప్రాణాలతో బయటపడిన రోగులలో కొందరికి కొంతకాలానికి మరొక కష్టం మొదలవుతుంది. రక్తం అందక చచ్చిపోయిన గుండె కండరం తిరిగి పెరగదు. ఆ చోట మచ్చకట్టిన కణజాలం మిగులుతుంది. మిగిలిన కండరం ఆ భారం మోయలేక క్రమంగా సాగి, బలహీనపడుతుంది. నాలుగు అడుగులు వేస్తే ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం, కాళ్ల వాపు, మళ్లీమళ్లీ ఆసుపత్రి. రక్తప్రసరణ లోపం వల్ల కలిగే హృదయ వైఫల్యం అంటే ఇదే. మందులు ఆయుర్దాయాన్ని పెంచుతాయి, బాధను తగ్గిస్తాయి గాని పోయిన కండరాన్ని తెచ్చి ఇవ్వలేవు. ఇటువంటి రోగి ఎదుట కూర్చొని, “మీ ఎముక మజ్జలోని మూలకణాలనే తీసి గుండెలోకి ఎక్కిస్తే కొత్త కండరం పుడుతుంది” అని ఎవరైనా అంటే ఆ మాటకు ఎంత బలం ఉంటుందో ఊహించవచ్చు.

ఆ మాట ఇంకా రుజువు కానిదైతే దాన్ని చికిత్సగా చెప్పవచ్చునా, అమ్మవచ్చునా? వేరే దారి లేని మనిషికి ఆశను నిరాకరించే హక్కు ఎవరికి ఉంది? ఈ వ్యాసం పరిశీలించదలచినవి ఈ రెండు ప్రశ్నలే. ఇవి వైద్యశాస్త్రానికే పరిమితమైనవి కావు. ఆశ, సత్యం, సమ్మతి అనే మూడు భావాలూ మాటల ద్వారానే ఒక మనిషి నుండి మరొక మనిషికి చేరుతాయి. మాటల బాగోగులు చూడటం పనిగా పెట్టుకున్న సాహిత్య విద్యార్థికి ఈ చర్చలో ప్రవేశం ఉందన్న నమ్మకంతోనే ఈ ప్రయత్నం. మన పురాణ వాఙ్మయంలోని శుక్రాచార్యుని రెండు కథలను ఇందుకు ఆలోచనా సాధనాలుగా తీసుకుంటున్నాను. ఒకటి నన్నయ ఆదిపర్వంలోని కచుని కథ. రెండోది పోతన అష్టమ స్కంధంలోని బలి కథ. మృతసంజీవని తెలిసినవాడూ, కొన్ని సందర్భాల్లో అబద్ధమాడితే పాపం లేదని బోధించినవాడూ ఒక్కడే కావడం ఈ చర్చకు ఎంతో ఉపకరిస్తుంది.

1. గుండె, శాతం, వైఫల్యం

తెలుగులో గుండె కేవలం శరీరావయవం కాదు. ధైర్యం ఉన్నవాణ్ణి గుండెలు తీసిన బంటు అంటాం. దుఃఖం పొంగితే గుండె చెరువవుతుంది. ఓర్చుకోవలసి వస్తే గుండె రాయి చేసుకుంటాం. మనిషి బలమంతా గుండెలో ఉందని నమ్మే భాషలో “గుండె విఫలమైంది” అన్న మాట వింటే మనిషే విఫలమైనట్లు తోస్తుంది. పైగా ‘వైఫల్యం’ అన్నది గుండె ఆగిపోవడం కాదు, అవసరమైనంతగా రక్తాన్ని పంపలేకపోవడం మాత్రమే. ఆ తేడా తెలుగు అనువాదంలో కనిపించదు.

దీనికి తోడు ఒక అంకె వస్తుంది. ఎడమ జఠరిక నిండినప్పుడు అందులో ఉన్న రక్తంలో ఎన్నో వంతు ఒక్క స్పందనలో బయటికి వెళుతుందో చెప్పే కొలతను ఎజెక్షన్ ఫ్రాక్షన్ అంటారు. ఆరోగ్యవంతుల్లో ఇది సుమారు 55 నుండి 70 శాతం వరకు ఉంటుంది. నూటికి నూరు శాతం పంపే గుండె లేదు. అయినా ‘30 శాతం’ అని వైద్యుడు చెప్పినప్పుడు ఇంటివాళ్లు వినేది “గుండె ముప్పై వంతులే పనిచేస్తోంది, డెబ్బై వంతులు పోయింది” అని. పరీక్షలో మార్కులకు అలవాటుపడిన చెవి ఈ అంకెను కూడా మార్కుగానే వింటుంది. ఆ తర్వాత “మూలకణాలతో ఐదు శాతం పెరుగుతుంది” అంటే అది ఇంటిల్లిపాదికీ పండుగ కబురే. ఆ ఐదు శాతం వల్ల మనిషి ఎక్కువ కాలం బతుకుతాడా, మెట్లు ఎక్కగలుగుతాడా అన్న ప్రశ్న అక్కడే మరుగున పడుతుంది.

‘మూలకణం’ అన్న పదమూ అంతే. మూలం అంటే వేరు, ఆది, అసలు. మూలిక అన్న మాటా ఆ కుదురు నుండి వచ్చిందే. అసలు దానినే ఎక్కిస్తున్నారంటే అంతకు మించిన మందు ఏముంటుందని వినేవాడికి అనిపిస్తుంది. పదం దోషం ఇందులో లేదు. శాస్త్రపరంగా అది మంచి అనువాదమే. కానీ మంచి పదం కూడా తాను హామీ ఇవ్వని అర్థాన్ని వెంట తీసుకొని వస్తుందని గుర్తించాలి.

2. సంజీవని కోసం పాతికేళ్ల వెదుకులాట

పెద్దవారి గుండె కండర కణాలు కొత్తగా పుడతాయా అన్నది చాలాకాలం వివాదాంశం. 2009లో స్వీడన్ పరిశోధకులు అణుపరీక్షల కాలంలో వాతావరణంలో పెరిగిన కార్బన్-14 జాడ ఆధారంగా లెక్కగట్టి, 25 ఏళ్ల వయసులో ఏటా సుమారు ఒక శాతం కణాలు మారుతాయని, 75 ఏళ్లకు అది దాదాపు సగానికి పడిపోతుందని తేల్చారు. గుండె తనను తాను బాగుచేసుకోగలదు, కాని గుండెపోటు చేసిన గాయాన్ని పూడ్చేంతగా కాదు. ఆ లోటును బయటి నుండి తెచ్చిన కణాలతో పూడ్చవచ్చునన్నదే మూలకణ చికిత్స మూలసూత్రం.

ఎముక మజ్జ కణాలు ఎలుకల్లో చచ్చిన గుండె కండరాన్ని పునరుద్ధరించాయని 2001లో ‘నేచర్’ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. పియరో అన్వెర్సా బృందం చేసిన పని అది. అది వెలువడిన కొద్దికాలానికే మనుషుల మీద ప్రయత్నాలు మొదలయ్యాయి. 2004లో అదే పత్రికలో రెండు వేర్వేరు బృందాలు ఆ ఫలితం తమకు రాలేదని, మజ్జలోని రక్తమూలకణాలు గుండె కండరంగా మారడం లేదని ప్రకటించాయి. అయినా చికిత్స ప్రయత్నాలు ఆగలేదు. గుండెలోనే మూలకణాలున్నాయని, వాటిని పెంచి తిరిగి ఎక్కిస్తే మేలు జరిగిందని 2011లో ‘లాన్సెట్’లో వచ్చిన మరొక వ్యాసం కొత్త ఆశలు రేపింది. 2018 అక్టోబరులో హార్వర్డ్ వైద్య కళాశాల, దాని అనుబంధ ఆసుపత్రి విచారణ జరిపి, అన్వెర్సా ప్రయోగశాల నుండి వచ్చిన 31 వ్యాసాలను ఉపసంహరించాలని పత్రికలను కోరాయి. 2019లో ‘లాన్సెట్’ ఆ వ్యాసాన్ని ఉపసంహరించింది. ఈలోగా అటువంటి కణాలనే ఉపయోగిస్తూ రక్తప్రసరణ లోపం వల్ల హృదయ వైఫల్యం కలిగిన రోగులతో అమెరికాలో ‘కన్సర్ట్-హెచ్ఎఫ్’ అనే పరిశోధన నడుస్తూ ఉండేది. 2018 అక్టోబరులో దాన్ని తాత్కాలికంగా నిలిపి, పునాదులను మళ్లీ పరీక్షించవలసి వచ్చింది. శాస్త్రంలో అబద్ధం కాగితం మీదే ఆగదు, మనిషి గుండెలో దిగే సూదిగా మారుతుందనడానికి ఇదొక నిదర్శనం.

మోసం లేని చోట కూడా ఆశ తన పని చేసింది. 2014లో ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో లండన్ పరిశోధకులు 49 క్లినికల్ ట్రయల్స్‌కు సంబంధించిన 133 నివేదికలను పరిశీలించి 604 వైరుధ్యాలను కనుగొన్నారు. కూడికలు సరిపోకపోవడం, ఒకచోట చెప్పింది మరొకచోట కాదనడం వంటివి ఇవి. ఏ పరిశోధనలో వైరుధ్యాలు ఎక్కువగా ఉన్నాయో అందులోనే చికిత్స ప్రభావం ఎక్కువగా కనిపించింది. వైరుధ్యాలు ఒక్కటీ లేని పరిశోధనల్లో ఆ ప్రభావం దాదాపు సున్నా. ఈ ఫలితాన్ని దురుద్దేశానికి ఆపాదించనవసరం లేదు. కోరుకున్నదాన్ని చూసే కన్ను అంకెలలోనూ దాన్నే చూస్తుంది.

తర్వాత పెద్ద ఎత్తున, పకడ్బందీగా జరిగిన పరిశోధనల తీర్పు మిశ్రమం. రక్తప్రసరణ లోపంతో వచ్చిన హృదయ వైఫల్యంపై జరిగిన ‘చార్ట్-1’లో 271 మందికి ప్రక్రియ జరిగింది. 2017లో వెలువడిన ఫలితాల్లో ముఖ్య లక్ష్యం నెరవేరలేదు. 537 మందితో సాగిన ‘డ్రీమ్-హెచ్ఎఫ్’ ఫలితాలు 2023లో వచ్చాయి. ఆసుపత్రి పాలు కావడం తగ్గుతుందన్న ముఖ్య లక్ష్యం అక్కడా నెరవేరలేదు గాని గుండెపోటు, పక్షవాతం తగ్గినట్లు అదనపు లెక్కల్లో కనిపించింది. అది తదుపరి పరిశోధనకు దారి చూపే సూచన, రుజువు కాదు. అసలు మేలు జరిగినా అది ఎందుకు జరుగుతుందన్నది తేలలేదు. ఎలుకల్లో చనిపోయిన కణాలను ఎక్కించినా గుండె కొంత బలపడిందని, అది శరీర రక్షణ వ్యవస్థ స్పందన వల్లనేనని ‘నేచర్’లో వచ్చిన మరొక పరిశోధన చూపింది. మరోవైపు ప్రయోగశాలలో పెంచిన గుండె కండరపు అతుకులతో జర్మనీ, జపాన్ పరిశోధకులు కొత్త బాట వేస్తున్నారు. కాబట్టి ఈ కథ ముగియలేదు. ‘మూలకణాలు మోసం’ అనడం ఎంత తొందరపాటో ‘మూలకణాలు చికిత్స’ అనడమూ అంతే తొందరపాటు.

3. శీర్షిక నుండి తొలగిన ఒక మాట

మన దేశంలో ఈ విషయం మీద భారత వైద్య పరిశోధన మండలి, బయోటెక్నాలజీ విభాగం కలిసి 2007లో మార్గదర్శకాలు వెలువరించాయి. వాటి పేరు మూలకణ పరిశోధన, చికిత్సల మార్గదర్శకాలు. 2013లో వాటిని సవరించినప్పుడు శీర్షికలోని ‘చికిత్స’ అన్న మాటను బుద్ధిపూర్వకంగా తొలగించారు. మూలకణాలు ఇంకా ప్రామాణిక వైద్యంలో భాగం కాలేదని స్పష్టం చేయడమే ఉద్దేశం. 2017 సవరణలోనూ అదే వైఖరి కొనసాగింది. కొన్ని రక్తవ్యాధులకు చేసే మజ్జ మార్పిడి వంటి ఆమోదిత చికిత్సలు తప్ప మూలకణాలను రోగికి ఎక్కించడం ఏదైనా క్లినికల్ ట్రయల్‌గానే జరగాలి. 2019లో వచ్చిన కొత్త ఔషధాల, క్లినికల్ ట్రయల్స్ నియమాలు మూలకణాల నుండి తయారైన ఉత్పత్తులను కొత్త ఔషధాల కోవలో చేర్చాయి.

ఒక శాస్త్ర విషయంలో నిజాయితీ ఒక పదాన్ని చేర్చడంలో కాక తొలగించడంలో వ్యక్తం కావడం గమనించదగింది. నిఘంటుకారులకు ఈ పని కొత్త కాదు. ఆధారం లేని అర్థాన్ని ఆరోపం నుండి తీసివేయడం వారి నిత్యకృత్యం. అయితే ప్రభుత్వ పత్రం శీర్షికలో తొలగిన మాట ప్రకటనల్లోనూ, నోటిమాటల్లోనూ తొలగలేదు. ‘స్టెమ్‌సెల్ థెరపీ’ అన్న పేరే ఇప్పటికీ వాడుకలో ఉంది. నేను కూడా ఈ వ్యాస శీర్షికలో ఆ మాట వాడవలసి వచ్చింది, ఎందుకంటే ప్రశ్నకు మూలం ఆ మాటే.

4. పూర్వపక్షం: ప్రాణం మీదికి వచ్చినవాడి హక్కు

ఈ నియంత్రణకు వ్యతిరేకంగా వచ్చే వాదాన్ని తేలికగా తీసుకోరాదు. దాన్ని దాని పూర్తి బలంతో చెప్పుకుందాం.

మొదటిది కాలం. పెద్ద పరిశోధనకు పదేళ్లు పడుతుంది. తీవ్ర హృదయ వైఫల్యం ఉన్న రోగి అన్నేళ్లు ఆగలేడు. రుజువు వచ్చేదాకా ఆగమనడం అతనికి ‘నువ్వు ఎలాగూ ఉండవు’ అని చెప్పడమే. రెండోది స్వాతంత్ర్యం. ఒళ్లు తనది, ప్రమాదం తనది, డబ్బు తనది. తెలిసి ఒప్పుకున్నవాణ్ణి ఆపడానికి వేరెవరికి అధికారం ఉంది? మూడోది హాని. అతని కణాలే అతనికి ఎక్కిస్తున్నారు కదా, పెద్ద నష్టమేమిటి? నాలుగోది ఆశ. రుజువు లేకపోయినా ఆశ వల్లనే మనిషి కొన్నాళ్లు సుఖంగా బతికితే అది మేలు కాదా?

ఇక్కడే బలి కథలోని శుక్రుని వాదం గుర్తుకు వస్తుంది. మానం, ధనం, ప్రాణం భంగపడే వేళ, భయపడినవారిని కాపాడవలసిన వేళ అబద్ధమాడితే దోషం లేదని అతడు శిష్యునికి చెప్పాడు. ప్రాణం మీదికి వచ్చిన రోగి దగ్గర, భయంతో ఉన్న కుటుంబం దగ్గర రెండు మాటలు ఎక్కువ చెప్పడం ఆ మినహాయింపు కిందికి రాదా అన్నది పూర్వపక్షంలోని అసలు ప్రశ్న. వైద్య నీతిపత్రాలూ ఈ వాదాన్ని పూర్తిగా తోసిపుచ్చలేదు. హెల్సింకీ ప్రకటన 2013 పాఠం కూడా, రుజువైన మార్గం లేనప్పుడు నిపుణుల సలహా, రోగి సమ్మతి తీసుకొని, మేలు చేస్తుందన్న నమ్మకం ఉంటే రుజువు కాని ప్రక్రియను వాడవచ్చునని, ఆపైన దాన్ని పరిశోధనకు విషయం చేయాలని చెబుతుంది.

5. సమాధానం

శుక్రుని మినహాయింపును జాగ్రత్తగా చూస్తే ఒక విషయం తెలుస్తుంది. ఆ అబద్ధం ఆపదలో ఉన్నవాణ్ణి కాపాడటానికి చెప్పేది. వినేవాడు ఆపద తెచ్చేవాడు. రోగి విషయంలో ఈ స్థానాలు తారుమారవుతాయి. ఇక్కడ అబద్ధం వినేవాడే ఆపదలో ఉన్నవాడు. అది కాపాడేది అతని ప్రాణాన్ని కాదు, చాలాసార్లు చెప్పేవాడి ఆదాయాన్ని, ఒక్కోసారి ‘ఇక చేయగలిగింది లేదు’ అని చెప్పవలసిన ఇబ్బంది నుండి చెప్పేవాణ్ణి. కనుక మినహాయింపును అంగీకరించినా అది ఈ సందర్భానికి వర్తించదు. గురువు మాటను బలి కాదనడం వేరే విషయం. గురువు మాటను అక్షరాలా పాటించినా ఈ అబద్ధానికి అనుమతి దొరకదు.

కాలాన్ని గురించిన వాదానికి సమాధానం ఇది: సమయం తక్కువగా ఉన్నవాడికి ఆ తక్కువ సమయమే అమూల్యం. దాన్ని వేరే ఊళ్లో ఆసుపత్రి గదిలో గడపమని చెప్పేవాడు, గడపడం వల్ల మేలు కలుగుతుందనడానికి ఆధారం చూపాలి. హృదయ వైఫల్యానికి ఆయుర్దాయం పెంచుతాయని రుజువైన మందులు ఉన్నాయి, క్రమం తప్పక వాడవలసినవి, జీవితాంతం కొనవలసినవి. అప్పుచేసి రుజువు కాని ప్రక్రియకు డబ్బు కట్టిన కుటుంబం ఆ తర్వాత రుజువైన మాత్రలకే కటకటలాడే ప్రమాదం ఉంది. ‘వేరే దారి లేదు’ అన్నది తరచుగా నిజం కాదు, ఉన్న దారి గొప్పగా కనిపించదు, అంతే.

స్వాతంత్ర్య వాదం నిజంగా బలమైనది. కాని అది తనకు తానే ఒక షరతు పెట్టుకుంటుంది, ‘తెలిసి ఒప్పుకున్నవాడు’ అని. రుజువు కానిదాన్ని చికిత్స అని పిలిచిన క్షణంలోనే ఆ షరతు తప్పింది. కచుని కథలో అసురులు అతణ్ణి చంపి, కాల్చి, బూడిదను సురలో కలిపి గురువుకు ఇచ్చారు. శుక్రుడు తన చేతితోనే పాత్ర పట్టుకొని తన ఇష్టంతోనే తాగాడు. ఎవరూ బలవంతం చేయలేదు. అయినా అది అతని సమ్మతి అని ఎవరూ అనరు, ఎందుకంటే పాత్రలో ఏముందో అతనికి తెలియదు. సంతకం ఉన్నంత మాత్రాన సమ్మతి ఉన్నట్లు కాదన్న సూత్రాన్ని ఇంతకంటే స్పష్టంగా చెప్పే ఉదాహరణ దొరకదు.

‘మన కణాలే కదా’ అన్న వాదం పరిచయాన్ని నిరపాయంగా భ్రమింపజేసేది. మజ్జ తీయడం, గొట్టాన్ని రక్తనాళం గుండా గుండెలోకి పంపడం, కండరంలో సూదులు గుచ్చడం ఏవీ ప్రమాదరహితం కావు. ఇరవై ఏళ్ల కిందట తొడ కండర కణాలను గుండెలోకి ఎక్కించిన ప్రయత్నాల్లో గుండె లయ తప్పే ప్రమాదం ఆందోళన కలిగించింది. అవి కూడా రోగుల సొంత కణాలే.

చివరిది ఆశ. ఆశనూ భ్రమనూ వేరుచేసే గీటురాయి ఒకటి ఉందనుకుంటాను: నిజం తెలిసిన తర్వాత కూడా నిలిచేది ఆశ, నిజం తెలిస్తే కూలేది భ్రమ. “ఇది ఇంకా పరీక్షలో ఉంది, మీకు మేలు జరగవచ్చు, జరగకపోవచ్చు, మీ వల్ల మాకు తెలుస్తుంది” అని విన్న తర్వాత కూడా రోగి ముందుకు వస్తే అతనిలో ఉన్నది ఆశ. దాన్ని తక్కువ చేసే హక్కు ఎవరికీ లేదు.

6. జపాన్ అనుభవం

పూర్వపక్షాన్ని ఒక దేశం చట్టంగానే మార్చి చూసింది. 2014లో అమలులోకి వచ్చిన జపాన్ చట్టం పునరుత్పాదక వైద్య ఉత్పత్తులకు, హాని లేదని తేలి, మేలు ఉండవచ్చునని తోస్తే, గడువు పెట్టి షరతులతో కూడిన ఆమోదం ఇవ్వడానికి వీలు కల్పించింది. గడువులోగా మేలు రుజువు చేయాలి. 2015లో రక్తప్రసరణ లోపం వల్ల వచ్చిన తీవ్ర హృదయ వైఫల్యానికి ‘హార్ట్‌షీట్’ అనే ఉత్పత్తికి ఈ పద్ధతిలో ఆమోదం లభించింది. రోగి తొడ కండర కణాలను పొరగా పెంచి గుండె మీద అతికించే పద్ధతి అది. ఆమోదానికి ఆధారమైన పరిశోధనలో ఉన్న రోగులు ఏడుగురు. గడువును పొడిగించారు కూడా. చివరకు 2024లో నిపుణుల సంఘం అది పూర్తి ఆమోదానికి తగదని తేల్చింది. తయారీ సంస్థ విరమించుకుంది.

దీన్ని రెండు విధాలుగా చదవవచ్చు. చివరకు నిజం తేలింది కాబట్టి విధానం పనిచేసిందని ఒకటి. తేలడానికి పట్టిన దాదాపు తొమ్మిదేళ్లూ రుజువు కానిది మార్కెట్‌లో చికిత్స పేరుతో చలామణీ అయిందని రెండోది. నాకు రెండోదే సబబుగా తోస్తుంది. ఆమోదముద్ర పడిన తర్వాత ‘ఇది పరీక్షలో ఉంది’ అన్న మాట వినిపించదు. షరతు అనేది నియమావళిలో విశేషణం, రోగి చెవిలో నామవాచకం మాత్రమే మిగులుతుంది. పైగా చికిత్స దొరుకుతున్నప్పుడు పోలిక బృందంలో చేరడానికి ఎవరు ఇష్టపడతారు? అందువల్ల నిజం తెలుసుకొనే మార్గమే సన్నగిల్లుతుంది.

7. నటన అబద్ధమా?

ఇంతవరకు సత్యం పక్షాన మాట్లాడిన పరిశోధన పద్ధతిలోనే ఒక ఇబ్బంది ఉంది. ‘చార్ట్-1’, ‘డ్రీమ్-హెచ్ఎఫ్’ వంటి పరిశోధనల్లో పోలిక బృందంలోని రోగులను కూడా ప్రక్రియ గదిలోకి తీసుకొని వెళ్లి, కణాలు ఎక్కించినట్లు నటిస్తారు. ఎవరికి ఏది జరిగిందో రోగికి తెలియకూడదు. తెలిస్తే ఆశ వల్ల కలిగిన ఉపశమనాన్ని కణాల వల్ల కలిగిన ఉపశమనం నుండి వేరుచేయలేం. మూలకణాలను అమ్మేవాణ్ణి అబద్ధాలకోరు అనే మనం ఈ నటనను ఎలా సమర్థిస్తాం?

తేడా ముందస్తు ఒప్పందంలో ఉంది. నాటకం చూసేవాడు రంగస్థలం మీద చావు నిజం కాదని తెలిసే టికెట్ కొంటాడు. ఆ తర్వాత తనను తాను మరచిపోయి కన్నీరు పెట్టుకుంటే నటుణ్ణి మోసగాడు అనం. పరిశోధనలో చేరే రోగికీ ‘మీకు రెండింటిలో ఏది జరిగిందో కొంతకాలం చెప్పం’ అని ముందే చెప్పి ఒప్పించాలి. దాచడాన్ని దాచకపోవడమే ఇక్కడ సత్యం. ఈ సమర్థన నిలవాలంటే మూడు షరతులు పాటించాలి: నటనలో శరీరానికి కలిగే కష్టం వీలైనంత తక్కువగా ఉండాలి, రుజువైన మందులు రెండు బృందాలకూ ఆగకుండా అందాలి, పరిశోధన ముగిశాక ఎవరికి ఏది జరిగిందో, ఏమి తేలిందో పాల్గొన్నవారికి చెప్పాలి. మూడోదాన్ని మరచిపోతే నాటకానికి తెర దించడం మరచినట్లే. అప్పుడు నటన నిజంగానే మోసమవుతుంది.

8. సమ్మతి, అనువాదం

సమ్మతి ప్రశ్న తెలుగు నేలకు దూరమైనది కాదు. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో బాలికలకు గర్భాశయ ముఖద్వార కేన్సర్ టీకా వేసిన అధ్యయనం 2010లో నిలిచిపోయింది. అందులో పెద్ద సంఖ్యలో సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వసతిగృహాల వార్డెన్లు సంతకాలు చేశారని తర్వాత బయటపడింది. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 నివేదికలో ఆ తీరును తప్పుపట్టింది. అది వేరే వైద్యం, వేరే వయసు. కాని పత్రం ఉండి సమ్మతి లేకపోవడం ఎలా ఉంటుందో అది చూపింది.

ఇరవయ్యో శతాబ్దపు చివరి దశకాల్లో వైద్యనీతి చర్చలో స్థిరపడిన ఒక భావన ఉంది. పరిశోధనలో పాల్గొనే రోగి, అక్కడ జరిగేదంతా తన మేలు కోసమే జరుగుతున్నదని అనుకోవడాన్ని పాల్ ఆపెల్‌బామ్ బృందం 1982లో చికిత్సా భ్రాంతి అని గుర్తించింది. ఈ భ్రాంతిని తెలుగు ఎలా పెంచుతుందో, ఎలా తగ్గించగలదో ఆలోచించడం భాషా పరిశోధకుల పని. ‘ప్రయోగం’ అన్న మాట తీసుకుందాం. శాస్త్రంలో అది గౌరవవాచకం. పల్లెవాడుకలో మాత్రం ‘ప్రయోగం చేయించారు’ అంటే చేతబడి చేయించారని కూడా అర్థం. ‘నా మీద ప్రయోగాలు చేస్తున్నారు’ అన్నది ఫిర్యాదు. అందువల్ల ఆ మాటను తప్పించి ‘కొత్త చికిత్స’ అనే మెత్తని మాటను ఆశ్రయించడం సులభం. భయపెట్టే మాట పోయి భ్రమపెట్టే మాట వస్తుంది. నా సూచన ‘పరీక్ష’ అన్న మాట. ‘ఈ మందు పనిచేస్తుందో లేదో పరీక్షిస్తున్నాం’ అంటే పరీక్షకు నిలిచేది మందు, మనిషి కాదు.

‘యాదృచ్ఛికీకరణ’ అన్న మాటను పత్రంలో చదివి అర్థం చేసుకొనే రోగి ఉండడు. ‘చీటీలు వేసినట్లు’ అంటే అందరికీ తెలుస్తుంది. అయితే అందులోనూ చిక్కుంది. చీటీ మన దగ్గర నుదుటి రాతతో ముడిపడింది. చీటీలో తనకు కణాలు వస్తే అదృష్టం, రాకపోతే దురదృష్టం అనుకొనే అవకాశం ఉంది. ఏ బృందంలో ఉండటం మేలో ఎవరికీ తెలియదు కాబట్టే చీటీ వేస్తున్నామన్న వాక్యం తప్పక తోడు కావాలి. నటన ప్రక్రియకు ‘ఉత్తుత్తి చికిత్స’ అంటే రోగిని ఎగతాళి చేసినట్లు ఉంటుంది. ‘కణాలు లేకుండా అదే పద్ధతిలో చేసే ప్రక్రియ’ అన్న వర్ణన పొడుగైనా గౌరవప్రదం. క్లుప్తత పారిభాషిక పదానికి గుణమే. సమ్మతి పత్రానికి మాత్రం స్పష్టత ముందు, క్లుప్తత తర్వాత.

9. కచుని మాట

దేవయాని శాపం సంజీవని కథలో అంతగా చర్చకు రాని ఘట్టం. ఆమె కోరికను కచుడు నిరాకరించినప్పుడు, నేర్చిన విద్య నీకు పనిచేయకుండు గాక అని శపించింది. నాకు ఫలించకపోయినా నేను నేర్పినవారికి ఫలిస్తుందని కచుడు జవాబు చెప్పి దేవలోకానికి వెళ్లాడు. చావు అనుభవించి, బూడిదై, గురువు పొట్ట చీల్చుకొని బయటికి వచ్చి సంపాదించిన విద్య అది. దాని ఫలం అతనిది కాదు.

పరిశోధనలో పాల్గొనే రోగి స్థానం ఇదే. అతని గుండె ఇచ్చే జవాబు రేపటి రోగికి పనికి వస్తుంది. అతనికి రావచ్చు, రాకపోవచ్చు. ఈ స్థానాన్ని తెలిసి ఎంచుకున్నవాడు కచునితో సమానుడు. తెలియకుండా అందులోకి నెట్టబడినవాడు సుర తాగిన శుక్రునితో సమానుడు. ఇద్దరి ఒంట్లోకీ వెళ్లేది ఒకటే పదార్థం కావచ్చు. మధ్యలో ఉన్నది ఒక మాట, అది నిజమా కాదా అన్నదే. రుజువు కానిదాన్ని డబ్బుకు అమ్మేచోట ఈ కచుని గౌరవం కూడా దక్కదు. అక్కడ రోగి అనుభవం ఏ లెక్కలోకీ ఎక్కదు, అతని వల్ల ఎవరూ ఏమీ నేర్చుకోరు. అతడు ఫలాన్నీ పొందడు, విద్యనూ మిగల్చడు. నియంత్రణ లేని మూలకణ వ్యాపారంలోని అన్యాయం కేవలం ధననష్టం కాదు, ఒక మనిషి తెగింపును వృథా చేయడం.

ఉపసంహారం

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి. రక్తప్రసరణ లోపం వల్ల వచ్చే హృదయ వైఫల్యంలో మూలకణాలు నేటికి పరిశోధన విషయమే గాని చికిత్స కావు. ఆ రెండింటి మధ్య గీతను చెరిపే మాట నైతిక దోషం. ప్రాణం మీదికి వచ్చిన రోగికి తెగించే హక్కు ఉంది. ఆ హక్కును గౌరవించే తీరు అతణ్ణి పరిశోధనలో భాగస్వామిని చేయడం, కొనుగోలుదారుణ్ణి చేయడం కాదు. నటన ప్రక్రియను ముందస్తు ఒప్పందం, చివరి వెల్లడి ఉన్నప్పుడే సమర్థించగలం. సమ్మతి పత్రం అనువాదం గుమాస్తా పని కాదు, నైతిక బాధ్యత. తెలుగు శాఖలు, వైద్య సంస్థల నైతిక సంఘాలు కలిసి చేయదగిన పని ఇక్కడ చాలా ఉంది.

ఒక ప్రశ్నకు మాత్రం ఈ వ్యాసం పూర్తి జవాబు ఇవ్వలేదు. జబ్బు బాగా ముదిరిందన్న కారణం చేత, మరొక అవయవం దెబ్బతిన్నదన్న కారణం చేత పరిశోధనలోనూ చేర్చుకోని రోగులు ఉంటారు. ఎవరికి అవసరం ఎక్కువో వారికే తలుపు మూసి ఉంటుంది. హెల్సింకీ ప్రకటన తెరిచిన ఇరుకు దారి వారి కోసమే. ఆ దారిలో నడిపించేటప్పుడు డబ్బు ప్రమేయం లేకుండా, ఫలితాన్ని నమోదు చేసి, అందరికీ చెప్పాలన్న షరతులను విడువకుండా ఉంటే ఆ దారి వ్యాపారమార్గం కాదు. అయినా అటువంటి రోగికి చెప్పవలసిన మాట కఠినంగానే ఉంటుంది. దాన్ని మెత్తగా చెప్పడం నేర్చుకోవచ్చు, మార్చి చెప్పడం మాత్రం కూడదు. సంజీవని ఎవరి చేతిలోనూ లేని కాలంలో వైద్యుడూ, అనువాదకుడూ రోగికి తప్పక ఇవ్వగలిగింది ఆ నిజమైన మాటే.